'మన' గ్రూపులో మేమెవరం?

మాలో ఒకరి పదో తరగతి బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపు ఉంది. ముప్పయ్యేళ్ల తర్వాత ఒకరినొకరు వెతుక్కుని కట్టుకున్న గ్రూపు. పొద్దున్నే పూలబొమ్మలు, పెళ్లిపత్రికలు, పాత మాస్టారు పోయిన కబురు, ఎవరి కొడుక్కో వచ్చిన అమెరికా వీసా. మావాడి అబ్బాజాన్ చనిపోయినప్పుడు అందరూ 'ఓం శాంతి' అని పెట్టారు. మావాడు అందరికీ దండం బొమ్మ పెట్టాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అది వాళ్ల భాషలో వాళ్ల ప్రేమ.

2020 ఏప్రిల్‌లో, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త తర్వాత, ఆ గ్రూపులోకి వీడియోలు దిగాయి. పండ్ల మీద ఉమ్మేవాడని ఒకటి, గిన్నెలు నాకేవాళ్లని ఒకటి. కరోనాకు సంబంధమే లేని పాత వీడియోలు. గ్రూపు కట్టిననాటి నుంచీ ఒక్క ముక్క రాయనివాళ్లు కూడా ఆ రెండు రోజులూ మేలుకుని రాశారు. గ్రూపు అంత కళకళలాడింది ఎప్పుడూ లేదు. "ఇది పాత వీడియోరా, నిజం కాదు" అని మావాడు ఒక లైను పెట్టాడు. "నిన్ను కాదురా, మీవాళ్లని" అని జవాబు వచ్చింది. ఇంకో లైను రాయబోయేసరికి అడ్మిన్ గ్రూపు నియమం గుర్తుచేశాడు: ఇక్కడ రాజకీయాలు వద్దు.

వీడియో రాజకీయం కాలేదు. దానికి జవాబు రాజకీయమైంది.

ఈ అనుభవం వెంటబెట్టుకునే మేము 'బిల్డింగ్ సక్సెస్‌ఫుల్ ఆన్‌లైన్ కమ్యూనిటీస్' అనే పుస్తకం చదివాం. 2012లో అమెరికాలో ఎంఐటీ ప్రెస్ వేసింది. రాసింది కార్నెగీ మెలన్ యూనివర్సిటీ రాబర్ట్ క్రౌట్, మిచిగన్ యూనివర్సిటీ పాల్ రెస్నిక్, వాళ్ల సహచరులు. ముఖం చూసుకోని మనుషుల్ని ఒకచోట చేర్చడం ఎలా, చేరినవాళ్లతో పని చేయించడం ఎలా, వాళ్లు వదిలిపోకుండా చూడడం ఎలా, గొడవలు అదుపు చేయడం ఎలా, కొత్తవాళ్లని కలుపుకోవడం ఎలా, అసలు ఏమీ లేనిచోట మొదలుపెట్టడం ఎలా - ఇదీ దాని సరుకు. మనవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోవాలని అడగొచ్చు. ఇవాళ మన పిల్లలు ఎవర్ని ప్రేమించాలో ఎవర్ని చూసి భయపడాలో నేర్చుకుంటున్నది బడిలోనో మసీదులోనో కాదు గనుక. నేర్పుతున్న చోటుకి కొలతలు గీసిన మేస్త్రీల పుస్తకం ఇది గనుక.

ముందే ఒకమాట. ఇది చెత్త పుస్తకం కాదు. ద్వేషం చెడ్డది, మంచిగా ఉండండి అని నీతులు చెప్పదు. ప్రతి మాటకీ వెనక ఒక ప్రయోగమో, ఒక అనుభవమో చూపిస్తుంది. ఎంఐటీలో 1990ల్లో కంప్యూటర్లలో వేధింపులు ఎక్కువైనప్పుడు అక్కడివాళ్లు చేసిన పని చూడండి. వేధించినవాణ్ణి 'నువ్వు నేరస్తుడివి' అని పిలిపించలేదు. 'మీ ఖాతా నుంచి ఎవరో ఇలాంటి పని చేశారు, బహుశా మీకు తెలియకుండా వాడారేమో' అన్న అర్థం వచ్చేలా ఒక జాబు పంపారు. చాలామంది 'అవునండీ, ఎవరో వాడినట్టున్నారు' అనేశారు. మళ్లీ ఆ పని చేసినవాళ్లు అరుదు. పరువు మిగిలితే మనిషి తప్పు దిద్దుకుంటాడు. ఊళ్లో పెద్దమనుషులకు తెలిసిన విద్యే, దాన్ని యంత్రంలో ఇమిడ్చారు. అలాగే శిక్ష మెట్లు మెట్లుగా ఉండాలంటుంది పుస్తకం, ముందు హెచ్చరిక, తర్వాత చిన్న శిక్ష, చివర్లోనే వెలి. 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ నీళ్లనూ పచ్చికబయళ్లనూ ఉమ్మడిగా వాడుకునే జనం దగ్గర నేర్చుకున్న పాఠమది. మన చెరువుల కింద వంతులు వేసిన నీరటికాడు కూడా మొదటిసారికే ఎవరి మడికీ నీళ్లు కట్టేయలేదు.

మా పేచీ సభ్యుల్ని కట్టిపడేసే అధ్యాయంతో.

మనిషి ఒక గుంపుకి ఎందుకు అంటిపెట్టుకుంటాడు? రెండు దారులు చెబుతారు రచయితలు. ఒకటి స్నేహం. ఫలానా రమణ ఉన్నాడు, సలీం ఉన్నాడు, వాళ్ల కోసం వస్తాను. రెండోది అస్తిత్వం. ఎవరున్నా లేకపోయినా 'నేను ఈ గుంపువాణ్ణి' అనుకోవడం. మొదటిది మనుషులు వెళ్లిపోతే పోతుంది. రెండోది ఎవరు పోయినా నిలుస్తుంది, అందుకే పెద్ద గుంపులు కట్టాలనుకునేవాళ్లకి అదే లాభం. మిన్నెసోటా యూనివర్సిటీవాళ్లు సినిమాలకు మార్కులు వేసే మూవీలెన్స్ అనే సైటులో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. గ్రూపు గుర్తింపుని ముందుకు తెచ్చిన ఏర్పాట్లే స్నేహాన్ని ముందుకు తెచ్చిన ఏర్పాట్లకంటే ఎక్కువ పనిచేశాయి.

మరి ఆ అస్తిత్వ భావన పెంచడం ఎలా? దానికీ సూత్రాలున్నాయి. గ్రూపుకి ఒక పేరు పెట్టు. ఒక నినాదం ఇవ్వు. అందరి గమ్యం ఒకటేనని గుర్తుచెయ్యి. ఇంకా, బయటి గుంపు ఒకదాన్ని చూపించు, దానితో పోటీ పెట్టు.

ఆ చివరి మాట దగ్గర మేము పుస్తకం మూసి కాసేపు కూచున్నాం. మా బతుకు మొత్తం ఆ ఒక్క సూత్రంలో ఉంది. ఆ 'బయటి గుంపు' మేమే.

ఈ సూత్రం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. దీని మూలపురుషుడు హెన్రీ టాజ్‌ఫెల్. 1919లో పోలండులో యూదు కుటుంబంలో పుట్టాడు. అక్కడ యూనివర్సిటీల్లో యూదులకు తలుపులు సగం మూసేసి ఉండేవి కాబట్టి చదువుకోసం ఫ్రాన్సు వెళ్లాడు. ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీల శిబిరాల్లో అయిదేళ్లు ఉన్నాడు. యూదుణ్ణని ఒప్పుకున్నాడు గాని పోలండు యూదుణ్ణని చెప్పలేదు. ఫ్రెంచి యూదుడైతే యుద్ధఖైదీ, పోలండు యూదుడైతే చావు. మనిషి అదే, రక్తం అదే, ఏ గుంపులో రాసుకున్నారన్న దాన్ని బట్టి ప్రాణం. యుద్ధం అయ్యాక తిరిగొస్తే ఇంట్లోవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఆ మనిషి తర్వాత ఇంగ్లండులో మనస్తత్వ శాస్త్రం ఆచార్యుడై, బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడిపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. 1970లో అచ్చయింది. తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నారు. మరోసారి పాల్ క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి ఏవి నచ్చాయో అడిగారు. దాన్ని బట్టి రెండు గుంపులు చేస్తున్నామన్నారు. నిజానికి ఊరికే విడదీశారు. తర్వాత ఒక్కొక్కణ్ణీ వేరుగా కూచోబెట్టి, ముఖం తెలియని ఇద్దరికి డబ్బులు పంచమన్నారు. ఫలానావాడు నీ గుంపు, ఫలానావాడు ఆ గుంపు, అంతే తెలుసు. తనకొచ్చేది ఏమీ లేదు. పిల్లలు తమ గుంపుకి ఎక్కువిచ్చారు. ఆశ్చర్యం అది కాదు. తమ గుంపుకి ఇంకా ఎక్కువ వచ్చే వీలున్నా, అది వదులుకుని మరీ రెండు గుంపుల మధ్య తేడా పెంచుకున్నారు. మనకు తక్కువొచ్చినా సరే, వాళ్లకంటే ఎక్కువుండాలి.

ఆ పిల్లల మధ్య పాత పగల్లేవు. దేశ విభజన లేదు, గుడి లేదు, మసీదు లేదు, బాబర్ లేడు, రజాకార్లు లేరు. గీత గీస్తే చాలింది.

తన జాతిని బూడిద చేసిన జబ్బు ఎంత చిన్న గాటు నుంచి మొదలవుతుందో కనిపెట్టాలనుకున్నాడు టాజ్‌ఫెల్. నలభై ఏళ్లకి ఆ జబ్బు లక్షణం సభ్యుల విధేయత పెంచే టానిక్కుల జాబితాలో చేరింది. క్రౌట్‌కీ రెస్నిక్‌కీ దురుద్దేశం అంటగట్టం. వాళ్ల కళ్లముందున్నది సినిమా మార్కులు, ఆటలు, వికీపీడియా. ఒక కాలేజీ ఇంకో కాలేజీతో క్రికెట్ ఆడినట్టు ఊహించుకుని ఉంటారు. కాని ఆటలో అవతలి జట్టుకీ ఒక కెప్టెన్ ఉంటాడు, బ్యాటు ఉంటుంది, అంపైర్ ఉంటాడు. మా బ్యాచ్ గ్రూపులో అవతలి జట్టు ఎవరు? మావాడొక్కడు. అంపైర్ వాళ్ల అడ్మిన్.

పుస్తకం లెక్క మొత్తం మీద లోపలివాళ్ల లెక్క. సభ్యులు ఎంత రాశారు, ఎంతకాలం ఉన్నారు, నియమాల్ని న్యాయమైనవని నమ్ముతున్నారా. గొడవల అధ్యాయంలో శత్రువు ఎవరంటే గుంపులోకి చొరబడి చెడగొట్టేవాడు, అదుపు తప్పినవాడు, మోసం చేసేవాడు. గుంపు అమాయకురాలు, దానికి హాని జరుగుతుంది. ఒక గుంపు చక్కగా, నియమబద్ధంగా, కలిసికట్టుగా, బయట ఉన్న మరొకరికి హాని చేస్తే? అప్పుడు నియమం తప్పినవాడంటూ ఎవడూ ఉండడు. పుస్తకంలోని అయిదు పరీక్షలూ మా బ్యాచ్ గ్రూపుకి పెట్టి చూశాం. ఆ రెండు రోజుల్లో రాసేవాళ్లు పెరిగారు. అనుబంధం పెరిగింది. అడ్మిన్ లోపలివాడే, అందరూ ఎన్నుకున్నవాడే. నియమం ఉంది, హెచ్చరిక మెట్టు మీదే ఆగింది. మార్కులు బాగా వచ్చాయి.

ఇది వాట్సాప్ ముచ్చటే అని తేలిగ్గా తీసుకోవద్దు. 2021 జూలైలో 'సుల్లి డీల్స్' పేరుతో, 2022 జనవరి 1న 'బుల్లి బాయి' పేరుతో ముస్లిం ఆడపిల్లల ఫోటోలు వేలానికి పెట్టారు. విలేకరులు, పైలట్, విద్యార్థినులు. రెండోసారి వందమందికి పైగా. ఆ రెండూ వెలసింది గిట్‌హబ్‌లో. ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు తమ పనిని ఉచితంగా పంచుకునే చోటది, ఆన్‌లైన్ సముదాయం అంటే అందరూ వేలెత్తి చూపించే చోటు. తర్వాత అరెస్టయినవాళ్లలో ఇరవయ్యేళ్లు అటూ ఇటూగా ఉన్న చదువుకునే పిల్లలున్నారు. ఆ ఆడపిల్లలు ఆ గుంపుల్లో సభ్యులు కారు. వాళ్లకి ఓటు లేదు, అప్పీలు లేదు. ఫోటో అక్కడ ఉందని ఇంకొకరు చెబితే తెలిసింది. సభ్యుడు కాని మనిషికి ఫిర్యాదు హక్కు ఎక్కడుంది? పుస్తకంలో మేము వెతికిన ప్రశ్న ఇది.

బర్మాలో ఏం జరిగిందో తెలిసిందే. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు. ఆ ద్వేషం ఊరూరా మోసింది ఫేస్‌బుక్. 2015 మొదట్లో బర్మా భాషలో ఫిర్యాదులు చదవగలిగినవాళ్లు ఆ కంపెనీకి ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ 2018లో రాసింది. తగినంత చేయలేదని ఆ ఏడాది నవంబరులో కంపెనీయే ఒప్పుకుంది. గుంపుల్ని యంత్రమే వెతికి అప్పగించడం ఇంకో సంగతి: తీవ్రవాద గ్రూపుల్లో చేరికల్లో 64 శాతం తమ సిఫార్సుల వల్లేనని ఫేస్‌బుక్ లోపలి పత్రం 2016లోనే లెక్కగట్టినట్టు 2020లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. బాగా కట్టిన సముదాయాలే అవి. సభ్యులు రోజూ వచ్చారు, రోజూ రాశారు.

ఇక్కడ మా లౌకిక మిత్రులు ఒకమాట అంటారు. ద్వేషం మనుషుల్లో ఉంది, పరికరం ఏం చేస్తుంది, కత్తి కూర కోస్తుంది పీకా కోస్తుంది అని. మేము ఒప్పుకోం. బ్రిస్టల్ పిల్లల్లో ద్వేషం ఏదీ? ఏర్పాటే వాళ్లచేత ఆ పని చేయించింది. ఏర్పాటు మారిస్తే పని కూడా మారుతుంది. 2018లో మనదేశంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనే పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపుతుంటే, ఆ జూలైలో వాట్సాప్ ఒక సందేశాన్ని అయిదు చోట్లకి మించి ఒకేసారి పంపనివ్వకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, మావాడి గ్రూపు మేలుకున్న ఆ నెలలోనే, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కచోటికే పంపగలిగేలా చేసింది. అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. 2015లో రెడిట్ రెండు పెద్ద ద్వేషపు గుంపుల్ని మూసేసింది. ఒకటి లావుగా ఉన్నవాళ్లని, ఒకటి నల్లవాళ్లని తిట్టిపోసే గుంపు. వాళ్లు మిగతా చోట్లకి పోయి అక్కడా కంపు చేస్తారని భయపడ్డారు. 2017లో వచ్చిన అధ్యయనం వేరే చెప్పింది. చాలామంది రెడిట్ వదిలిపోయారు, ఉండిపోయినవాళ్ల ద్వేషభాష కనీసం 80 శాతం తగ్గింది. అంటే గోడ ఎక్కడ కట్టాలి, కిటికీ ఎక్కడ పెట్టాలి అన్నది పెద్ద విషయమే. ఈ పుస్తకం మొదటినుంచీ చెబుతున్నదీ అదే. అందుకే దాన్ని పారెయ్యం, నిలదీస్తాం.

కొత్తవాళ్ల అధ్యాయం చదువుతుంటే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. లోపలికొచ్చే దారి కష్టంగా ఉంటే, వచ్చినవాడు ఆ గుంపుని ఎక్కువ ప్రేమిస్తాడట. 1959లో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు కాలేజీ అమ్మాయిల మీద చేసిన ప్రయోగం దీనికి ఆధారం. సిగ్గుపడే పరీక్ష పెట్టి చేర్చుకున్న అమ్మాయిలు, లోపల జరిగిన చప్పటి చర్చని కూడా ఆహా అన్నారు. మాకు ప్రయోగం అక్కర్లేదు. నాలుగు తరాలుగా తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే నవ్విన మమ్మల్ని 'మీరు తెలుగు బాగా మాట్లాడతారే' అని మెచ్చుకునేవాళ్లు ఇవాళ్టికీ తగులుతూనే ఉన్నారు. ఈ గుంపులో మేము ఎప్పటికీ కొత్త సభ్యులమే. ఆరన్సన్ చెప్పిన జబ్బూ మాకుంది. ఆగస్టు 15న బ్యాచ్ గ్రూపులో అందరికంటే ముందు, తెల్లారి అయిదింటికే జెండా బొమ్మ పెట్టేది మావాడే. తురకల మీద జోకు వస్తే నవ్వే బొమ్మ పెట్టేదీ వాడే. అందుకు వాణ్ణి తిట్టలేం. మేమూ పెట్టాం.

మా ఇంటి సంగతి దాచిపెట్టి ఎదుటివాళ్ల గోడలు కొలవడం న్యాయం కాదు. మా మొహల్లా గ్రూపుల్లో ఆడవాళ్లు ఎందరు? దూదేకులవాళ్లు మాట్లాడితే 'వాళ్లకి ఉర్దూ ఎక్కడొచ్చు' అని నవ్వినవాళ్లు మాలో లేరా? సున్నీ గ్రూపులో షియాల మీద వచ్చే ఫార్వర్డుల సంగతి? బయట పరాయివాళ్లమైనవాళ్లం లోపల ఇంకొకరిని పరాయి చేసుకోవడంలో తక్కువేం తినలేదు. టాజ్‌ఫెల్ కథలోనూ ఈ ముడి ఉంది. ఆడవాళ్లని ఆయన వేధించాడన్న ఆరోపణలు బలంగా బయటికొచ్చాక, యూరపు సామాజిక మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2019లో తమ పతకం మీంచి ఆయన పేరు తీసేసింది. వెలి గురించి అంత తెలిసిన మనిషి గదిలోకి రావడానికే కొందరు ఆడపిల్లలు భయపడాల్సి వచ్చిందన్నమాట.

బయటి గుంపు లేకుండా గుంపు నిలవదా? తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్లు అలా అనలేరు. పీరుని ఎత్తుకునేది ఏ కులంవాడో, అలావా చుట్టూ ఆడేది ఎవరో, మొక్కు ఎవరిదో విడదీసి చెప్పడం కష్టం. ఊరంతా లోపలే. అయితే దాన్ని చూపించి మురిసిపోవడం కూడా మాకు ఇష్టం లేదు. పది రోజుల తర్వాత ఎవరి వాడ వాళ్లదే, కలిసి ఆడినవాళ్లకి నీళ్ల బావి వేరే. అయినా ఆ పది రోజుల ఏర్పాటు ఎలా సాధ్యమైంది అని అడిగే పరిశోధకుడు ఈ పుస్తకం రాసినవాళ్లలో ఉంటే, బయటి గుంపు సూత్రం పక్కన ఇంకో సూత్రం కూడా పడేది.

బ్యాచ్ గ్రూపు సంగతి పూర్తిచేస్తాం. ఆ రాత్రి మావాడికి వేరుగా మూడు సందేశాలొచ్చాయి. "బాధపడకురా", "వాడంతే, పట్టించుకోకు", "అమ్మీ ఎలా ఉంది, మందులు దొరుకుతున్నాయా". మూడూ నిజమైన స్నేహాలే. లాక్‌డౌన్‌లో మందులు తెచ్చిచ్చింది కూడా ఆ మూడోవాడే. కాని గ్రూపులో ఆ ముగ్గురూ ఒక్కమాట రాయలేదు. స్నేహం చీకట్లో గోడ దూకి వచ్చింది, అస్తిత్వం నట్టింట్లో కూచుంది.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు మావాడిచేత అడ్మిన్‌కి ఒక సందేశం పెట్టించాం. నియమాల్లో ఇంకొకటి చేర్చమని: గ్రూపులో లేని మనుషుల మీద ఎవరైనా ఏదైనా పెడితే, అది నిజమని చూపించే బాధ్యత పెట్టినవాడిది, అది తప్పని చెప్పేవాణ్ణి రాజకీయం పేరుతో ఆపకూడదు. అడ్మిన్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. నిన్న రాత్రి చూశాం, నియమాల్లో పాత లైను ఒక్కటే ఉంది.